సెలక్షన్ రోజు వెనక ఉన్న ఊరు

నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ వైపు ఫుట్‌బాల్ ఆడే పిల్లలున్న ఇళ్ళలో బడులు తెరిచిన కొన్నాళ్ళకే ఒక మాట మొదలవుతుంది: సెలక్షన్స్. స్కూల్ టీమ్ సెలక్షన్స్, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) మండల, జిల్లా జట్ల సెలక్షన్స్, అకాడమీల ట్రయల్స్, హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ సెలక్షన్స్. పేరు ఏదైనా తంతు ఒకటే. ఒక తేదీ చెప్తారు, ఆధార్, పుట్టినతేదీ సర్టిఫికెట్ పట్టుకుని రమ్మంటారు, గంటో రెండు గంటలో చూసి పేర్లు చదువుతారు. ఆ గంట కోసం తల్లిదండ్రులు నెలల ముందు నుంచి పడే తాపత్రయం చిన్నది కాదు. కొత్త స్టడ్స్, తెల్లవారుజామున పరుగు, వారానికి మూడు రోజులు టర్ఫ్ మీద కోచింగ్, తేదీ దగ్గర పడ్డాక విడిగా పర్సనల్ క్లాసులు. ఎంసెట్‌కీ ఐఐటీకీ పిల్లల్ని తయారు చేసి చేయి తిరిగినవాళ్ళం కాబట్టి, ఎవరో వచ్చి ఎంపిక చేస్తారంటే చాలు, మన ఆలోచన అలవాటైన ఆ దారినే పడుతుంది. కానీ ఇదే హైదరాబాద్ ఒకప్పుడు దేశానికి ఫుట్‌బాల్ ఆటగాళ్ళను వరసగా అందించింది. ఆ కాలంలో పిల్లవాణ్ణి సెలక్షన్‌కి తయారు చేయడం ఇంటి పనిగా ఉండేది కాదు. గల్లీ, బడి, క్లబ్బు కలిసి చేసిన పని అది. సెలక్షన్ రోజు వచ్చేసరికి ఎంపిక చేసేవాళ్ళకు ఆ పిల్లవాడు ఎవరో, ఎలా ఆడతాడో చాలావరకు తెలిసే ఉండేది. ఆ పనిని ఊరు వదిలేసింది, ఇల్లు నెత్తికెత్తుకుంది. ఇల్లు ఎంత శ్రద్ధ పెట్టినా అందులో సగం ఇంటివల్ల అయ్యేది కాదని ఆ చరిత్ర చూస్తే తెలుస్తుంది.

ముందు ఆ చరిత్ర ఎంతటిదో చూడాలి, ఎందుకంటే తెలుగు ఇళ్ళలో దీన్ని చెప్పుకోవడం తక్కువ. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. రోవర్స్ అంటే 1891 నుంచి జరుగుతూ వచ్చిన టోర్నమెంటు, ఆ రోజుల్లో దేశంలో క్లబ్బులన్నీ కన్నేసిన కప్పు. అంతకన్నా పాతదైన డ్యూరాండ్ కప్పునూ ఇదే జట్టు నాలుగుసార్లు గెలిచింది. 1950లోనూ 1961లోనూ ఫైనల్లో దాని చేతిలో ఓడింది కలకత్తా మోహన్ బగాన్. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1956–57లోనూ, ఆ మరుసటి ఏడూ హైదరాబాద్‌కు వచ్చింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మళ్ళీ వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టు అదే. ఆ బృందంలో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ హైదరాబాద్ మైదానాల నుంచి వెళ్ళినవాళ్ళు. సర్వీసెస్ తరఫున ఆడిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా పుట్టింది ఈ నగరంలోనే. ఒక్క నగరం నుంచి ఒక ఒలింపిక్ జట్టులోకి ఇంతమంది వెళ్ళారంటే వ్యక్తుల ప్రతిభతో సరిపెట్టుకోలేం. వాళ్ళను తయారు చేసిన ఏర్పాటు ఏదో ఇక్కడ ఉండి తీరాలి.

ఆ ఏర్పాటు గురించి మాట్లాడితే సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు మొదట వస్తుంది. 2024లో వచ్చిన మైదాన్ సినిమా చూసినవాళ్ళకు ఆయన భారత జట్టు కోచ్‌గా తెలుసు. 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు ఆయన చేతుల మీదుగా వచ్చాయి. సినిమా సహజంగానే జకార్తా ఫైనల్ చుట్టూ తిరుగుతుంది. ఆయనలోనే మన విషయానికి అంతకంటే ముఖ్యమైన రహీమ్ ఇంకొకరున్నారు. 1909లో హైదరాబాద్‌లో పుట్టిన ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూమ్ హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బడి ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు, 1963 జూన్‌లో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. 1950 నుంచి సిటీ పోలీస్ కోచ్ కూడా ఆయనే. ఈ వివరాలన్నీ పక్కపక్కన పెడితే అసలు సంగతి బయటపడుతుంది. పిల్లలు ఆడుకునే బడి, వాళ్ళు పెరిగి చేరే స్థానిక టోర్నమెంటు, అక్కడి నుంచి వెళ్ళే పెద్ద జట్టు, ఆ పైన దేశం జట్టు — ఈ నాలుగు మెట్ల మీదా ఒకే మనిషి చూపు పనిచేసింది. పన్నెండేళ్ళ పిల్లవాడి ఎడమకాలి బలహీనతను గమనించిన కన్నే, పదేళ్ళ తర్వాత అతణ్ణి ఏ స్థానంలో ఆడించాలో నిర్ణయించే వీలు అక్కడ ఉండేది. ఇవాళ మనం సెలక్షన్స్ అంటున్నది ఈ నాలుగు మెట్ల మధ్య తలుపుల దగ్గర కొత్త ముఖాలు కూర్చుని చేసే పని. పిల్లవాడి నిన్న వాళ్ళకు తెలియదు, రేపటితో వాళ్ళకు సంబంధం ఉండదు.

రహీమ్ కార్యదర్శిగా ఉండగా కుర్రవాళ్ళ కోసం నడిపిన టోర్నమెంట్లు మామూలు టోర్నమెంట్లు కావు. భారత ఫుట్‌బాల్ చరిత్రను శ్రద్ధగా రాసిన నోవీ కపాడియా వీటి గురించి ప్రత్యేకంగా చెప్పారు. ఒకదానిలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి అందగానే ఆపాలి, వెంటనే ఇంకొకరికి పంపాలి. రెండు తాకిళ్ళలో పని అయిపోవాలి. ఇంకోదానిలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్న కుర్రవాడు ఎడమకాలితోనే పాస్ ఇవ్వాలి, ఎడమకాలితోనే గోల్ కొట్టాలి. జట్టుకు ఏడుగురు చొప్పున చిన్న మైదానంలో ఆడే పోటీలూ ఉండేవి. ఈ నిబంధనలు పిల్లవాడి మీద ఎలా పనిచేస్తాయో ఒక్క నిమిషం దగ్గరగా చూద్దాం. గల్లీలో నలుగురిని దాటించుకుంటూ పోవడమే గొప్ప అనుకునే పదేళ్ళ కుర్రవాడు రెండు తాకిళ్ళ ఆటలో దిగితే, బంతి రాకముందే తల తిప్పి చూడాల్సి వస్తుంది. మనవాడు ఎక్కడున్నాడు, అవతలివాడు ఎంత దూరంలో ఉన్నాడు అన్నది బంతి దారిలో ఉండగానే లెక్క వేసుకోవాలి. ఆ పని ఎవరూ నోటితో నేర్పక్కర్లేదు, ఆ నిబంధనే నేర్పుతుంది. ఎడమకాలి పోటీలో అందరి స్థాయీ ఒక్కసారిగా కిందికి దిగుతుంది. నిన్నటిదాకా జట్టులో హీరో అయినవాడు ఇవాళ తడబడతాడు, వెనకబెంచీ కుర్రవాడు నిబ్బరంగా ఆడేస్తాడు. రహీమ్ చేసిన పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే. ఎంపికను, శిక్షణను ఆయన వేరు చేయలేదు. ఆటే పాఠం అయింది, ఆటే పరీక్ష అయింది. పరీక్ష రోజంటూ ప్రత్యేకంగా లేదు కాబట్టి పరీక్ష భయమూ అంతగా ఉండి ఉండదు.

ఇక తులసీదాస్ బలరామ్ సంగతి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో, తమిళం మాట్లాడే పేద కుటుంబంలో పెరిగినవాడు. కంటోన్మెంట్ చుట్టుపక్కల సైన్యం జట్లు, రైల్వే జట్లు, చిన్న క్లబ్బులు ఆడుకునే మైదానాలే అతని బడి. రహీమ్ కంట్లో పడ్డాక హైదరాబాద్ జట్టు శిబిరానికి రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి నగరం నడిబొడ్డుకు పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. రోజూ వచ్చి వెళ్ళే స్తోమత ఇంట్లో లేదు. అప్పుడు రహీమే సైకిల్ సదుపాయం చూశారని బలరామ్ గురించి రాసినవాళ్ళు చెప్తారు. ఆ సైకిల్ మీద వచ్చిన కుర్రవాడు సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టులో ఆడాడు, మెల్‌బోర్న్ వెళ్ళాడు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు, 1962 జకార్తా బంగారు పతకంలో భాగమయ్యాడు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలతో కలిపి చెప్పుకునే ముగ్గురిలో ఒకడయ్యాడు. ఇక్కడ తల్లిదండ్రుల ప్రమేయం ఎంత? కోచింగ్ ఫీజు లేదు, కొత్త బూట్ల ఊసు లేదు. పిల్లవాడికి కావాల్సిన మైదానం, తోటి ఆటగాళ్ళు, గుర్తించే కన్ను, చివరికి ప్రయాణపు ఏర్పాటు కూడా బయటి నుంచే వచ్చాయి.

ఈ చరిత్రకు ఎదురుచెప్పేవాళ్ళు ముందుగా అడిగేది పోటీ స్థాయి గురించి. ఆనాడు ఆసియాలో ఫుట్‌బాల్ ఇంకా లేత దశలో ఉంది, ఒలింపిక్స్‌కు అమెచ్యూర్లే రావాలి, జపాన్, కొరియా ఇప్పటిలా లేవు. అలాంటప్పుడు ఆ విజయాలను చూసి పద్ధతి గొప్పదనడం ఎలా కుదురుతుంది అని. ఇందులో నిజం ఉంది. 1952 హెల్సింకీలో ఇదే భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది. చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. దేశం విజయాలను హైదరాబాద్ పద్ధతికి రుజువుగా చూపితే ఈ అభ్యంతరం నిలుస్తుంది. నేను చూపుతున్న రుజువు దేశం లోపలిది. కలకత్తాలో డబ్బుంది, లక్షలాది అభిమానులున్నారు, దేశం నలుమూలల నుంచీ ఆటగాళ్ళను తెచ్చుకునే క్లబ్బులున్నాయి. అలాంటి క్లబ్బులను ఒక పోలీస్ జట్టు, స్థానిక కుర్రవాళ్ళతో ఓడిస్తూ వచ్చింది. పోటీ ఇద్దరికీ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడి నుంచి వచ్చింది? రహీమ్ పోయాక కూడా ఆ ఊట కొన్నాళ్ళు ఆగలేదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్ హైదరాబాద్‌లో పుట్టిన సయ్యద్ నయీముద్దీన్. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున ఎదురునిలిచినవాళ్ళలో మహమ్మద్ హబీబ్ ఉన్నాడు. అతని తమ్ముడు అక్బర్ 1976లో ఈస్ట్ బెంగాల్ మీద 17 సెకన్లలో కొట్టిన గోలును కలకత్తావాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ ఆ తర్వాతి వరస. కలకత్తా తన ఆటగాళ్ళను హైదరాబాద్‌లో వెతుక్కునేది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది, దాన్ని తేలిగ్గా తీసేయడం అన్యాయం. అవన్నీ ఆట మీద ప్రేమతో జరగలేదు, పోలీసు ఉద్యోగం కోసం జరిగాయి అంటారు. బాగా ఆడితే యూనిఫామ్, జీతం, పెన్షన్. పేద ఇంటి కుర్రవాడికి అది పెద్ద భరోసా. రైల్వేలు, ఇతర ప్రభుత్వ శాఖలు కూడా అలాగే తీసుకునేవి. ఆ తలుపులు ఇరుకైనకొద్దీ ఆట చిక్కిపోయింది. నిజమే, ఉపాధి ఆ ఏర్పాటుకు వెన్నెముక. నిజాంపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే తండ్రి కొడుకును కానిస్టేబుల్ చేద్దామని ఫుట్‌బాల్ ఆడించడు. అయితే ఈ అభ్యంతరం నా వాదనను బలపరుస్తుందే గాని దెబ్బతీయదు. ఉద్యోగం చివరి మెట్టు. ఆ మెట్టు దాకా రావడానికి కుర్రవాడికి పదేళ్ళ ఆట కావాలి, ఆ పదేళ్ళూ ఎవరూ అతనికి జీతం ఇవ్వలేదు, అతని దగ్గర ఫీజూ తీసుకోలేదు. ఉద్యోగం దొరకని వందలమంది కూడా ఆ పదేళ్ళు ఆడారు. వాళ్ళు లేకపోతే ఉద్యోగం దొరికినవాడికి ఎదురు ఆడేవాడే ఉండడు. ఇవాళ్టి లెక్కలో మనం మరిచిపోతున్నది వీళ్ళనే.

మూడో మాట నాకూ బాధ కలిగించేది. ఆ పాత మైదానంలో ఆడపిల్లలు లేరు. గల్లీలో అన్నదమ్ములు ఆడుతుంటే చెల్లెళ్ళు గుమ్మంలో నిలబడి చూశారు. అంతేకాదు, ఒక్క పంతులు చూపు మీద నడిచే వ్యవస్థలో ఆ చూపు పడనివాడి గతి ఏమిటి? బలరామ్ దొరికాడు, బొల్లారంలోనో లాలాగూడలోనో దొరకకుండా పోయినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. తేదీ వేసి, నోటిఫికేషన్ ఇచ్చి, అందరినీ రమ్మని పిలిచే ఇవాళ్టి పద్ధతి ఆ మేరకు న్యాయమైనదే. నిజామాబాద్ జిల్లా లంబాడా కుటుంబం నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళా జట్టులో చేరింది. ఆమెలాంటి అమ్మాయికి 1950లలో ఈ నేల మీద దారే ఉండేది కాదు. అందుకని పాత ఏర్పాటును యథాతథంగా తిరిగి తెద్దామని నేను అనడం లేదు. ఒకటి మాత్రం గమనించాలి. సౌమ్య కూడా ఒక్కరోజు ట్రయల్స్‌తో పుట్టలేదు. పరుగు పందాల్లో ఉన్న పిల్లను ఫుట్‌బాల్ వైపు తిప్పి, ఏళ్ళ తరబడి వెంట ఉన్న కోచ్ నిజామాబాద్‌లో ఆమెకు దొరికాడు. అంతటి ఓపికతో చూసే మనిషి హైటెక్ సిటీ చుట్టుపక్కల కాక అక్కడ దొరకడం ఆలోచించాల్సిన విషయం.

నిజాంపేట వైపు చూస్తే, 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి ఇది నగరం అంచున ఉన్న గ్రామం. కేపీహెచ్‌బీ కాలనీ నిండిపోయాక, కొండాపూర్, మాదాపూర్ ఖరీదయ్యాక ఐటీ ఉద్యోగులు, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి పిల్లల చదువుల కోసం వచ్చిన కుటుంబాలు ఇటు మళ్ళారు. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిపి నిజాంపేట మున్సిపల్ కార్పొరేషన్ అయింది. పొలాలు వెంచర్లయ్యాయి, వెంచర్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. ఈ క్రమంలో బడులు వచ్చాయి, కాలేజీలు, హాస్టళ్ళు వచ్చాయి. అందరూ ఆడుకునే పెద్ద గ్రౌండ్ మాత్రం ఎవరి ప్లానులోనూ పడలేదు. పాత నగరంలో మైదానం బస్తీ కంటే ముందే ఉండేది, ఇళ్ళు దాని చుట్టూ పెరిగాయి. ఇక్కడ ఇళ్ళే ముందు వచ్చాయి. పిల్లవాడు సెల్లార్‌లో కార్ల మధ్య బంతి తంతే వాచ్‌మన్ కేకలేస్తాడు. అపార్ట్‌మెంట్ పిల్లలు తమ అపార్ట్‌మెంట్ పిల్లలతోనే ఆడతారు. పక్క బస్తీ కుర్రవాడి ఆట ఎలా ఉంటుందో వాళ్ళకు తెలిసే వీల్లేదు. వయసులో పెద్దవాడితో, వేరే బడివాడితో, వేరే భాషవాడితో తలపడి ఓడిపోయి మర్నాడు మళ్ళీ వెళ్ళే అవకాశమే పాత మైదానం ఇచ్చిన శిక్షణ. అది పోయిన చోట కోచింగ్ మొలిచింది.

కోచింగ్ చెడ్డదని అనను. ఇవాళ్టి కోచ్‌లలో లైసెన్సులు ఉన్నవాళ్ళున్నారు, గాయాల గురించి, తిండి గురించి పాత తరానికి తెలియనివి వీళ్ళకు తెలుసు. తేడా వచ్చేది సెలక్షన్ రోజును గురిగా పెట్టుకుని తయారు చేసేటప్పుడు. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ సెలక్షన్సే చూడండి. నాలుగో తరగతిలో చేరడానికి ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలకు పెట్టే పరీక్షలు ఇవి: ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్ పరుగు, నిలబడి దూకే బ్రాడ్ జంప్, ఆరుసార్లు పది మీటర్ల షటిల్ రన్, వర్టికల్ జంప్, మెడిసిన్ బాల్ త్రో, ఒళ్ళు వంగే గుణం, 800 మీటర్ల పరుగు. బంతి ఎక్కడా లేదు. అన్ని ఆటలకూ కలిపి పిల్లల్ని తీసుకునే బడి కాబట్టి అది అర్థం చేసుకోదగ్గదే. కానీ ఒంటి సత్తాను ఒక్కరోజు కొలిచే ఏ పరీక్షలోనైనా ఒక పాత చిక్కు ఉంది. వయసు హద్దు జనవరి ఒకటిగా పెడితే, ఒకే వర్గంలో జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ పక్కపక్కన నిలబడతారు. తొమ్మిదేళ్ళ వయసులో పదకొండు నెలల తేడా అంటే బతికిన కాలంలో పదో వంతు. రోజర్ బార్న్స్‌లీ, ఆయన సహచరులు 1985లో కెనడా ఐస్ హాకీ జట్లలో ఏడాది మొదట్లో పుట్టినవాళ్ళే ఎక్కువగా ఉన్నారని చూపించారు; ఆ తర్వాత ఫుట్‌బాల్‌లోనూ అనేక దేశాల్లో అదే తేలింది. ప్రతిభ అనుకుని మనం ఎంచేది చాలాసార్లు ముందు పుట్టడాన్ని. ఏళ్ళ తరబడి చూసే కన్నుకు ఈ పొరపాటు తక్కువ జరుగుతుంది, ఎందుకంటే ఇవాళ పొట్టిగా ఉన్నవాడు రెండేళ్ళ తర్వాత కూడా ఆ కంటి ముందే ఆడుతుంటాడు.

ఇక్కడ ఒక తల్లి న్యాయంగానే అడగొచ్చు: చరిత్ర సరే, నా పిల్లకు వచ్చే నెల ట్రయల్స్ ఉన్నాయి, నేనేం చేయను? రహీమ్ పోటీల నుంచి నేరుగా వచ్చే జవాబు ఉంది. నెలలో పరుగు వేగం పెద్దగా మారదు, ఎత్తు అసలే మారదు. బలహీనమైన కాలు మారుతుంది, బంతి రాకముందు తల తిప్పి చూసే అలవాటు మారుతుంది. గోడకు ఎడమకాలితో కొట్టి ఎడమకాలితోనే ఆపడం, ముగ్గురు నలుగురు పిల్లలుంటే రెండు తాకిళ్ళ ఆట ఆడించడం — వీటికి కోచ్ అక్కర్లేదు, పెద్ద గ్రౌండూ అక్కర్లేదు. సెలక్టర్ల ముందు పిల్లల్ని రెండు జట్లుగా విడగొట్టి ఆడించినప్పుడు ఒంటరిగా గిరగిరా తిప్పే పిల్లకంటే చూసి పాస్ ఇచ్చి ఖాళీలోకి కదిలే పిల్లే పనికొస్తుంది. సెలక్షన్‌కు ముందు వారం రోజులు ఉదయం సాయంత్రం అదనపు క్లాసులతో పిల్లల్ని అలసగొట్టడం మాత్రం పరీక్షల ముందు రాత్రంతా చదివించే మన పాత జబ్బే. ఆట దగ్గర అది చదువు దగ్గరకంటే ఎక్కువ చెరుపు చేస్తుంది.

అయినా ఒక ఇల్లు చేయగలిగింది అంతే. మిగతాది ఊరు చేయాలి. అందుకు కావాల్సిన చోటు నిజాంపేటలో లేకపోలేదు. బాచుపల్లి రోడ్డు పొడుగునా, గల్లీల వెనక ఖాళీ ప్లాట్లలో వల కట్టి, లైట్లు పెట్టి గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫులు పుట్టుకొచ్చాయి. జట్టుకు ఐదుగురో ఏడుగురో ఆడే కొలత. రహీమ్ పిల్లలకు ఎంచుకున్న కొలత కూడా అదే. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 2012లో నిర్ణయం తీసుకుని, పదేళ్ళలోపు పిల్లలను ఐదుగురి, ఏడుగురి ఆటలకు మార్చింది. జర్మనీ 2024లో చిన్న పిల్లలకు ఇంకా చిన్న జట్ల ఆటను తప్పనిసరి చేసింది. ఫుట్‌బాల్‌లో తలపండిన దేశాలు ఇప్పుడు చేరుకున్న చోటికి చాదర్‌ఘాట్ బడిపంతులు ఆరేడు దశాబ్దాల ముందే చేరుకున్నారు. మన దగ్గర లోపమల్లా ఆ టర్ఫు గంటల అద్దె కట్టినవాడికే తెరుచుకోవడం, కట్టినవాళ్ళు తమలో తామే ఆడుకోవడం. మధ్యాహ్నం మూడింటికి, నాలుగింటికి చాలా టర్ఫులు ఖాళీగానే ఉంటాయి. ఆ గంటల్ని అపార్ట్‌మెంట్ సంఘాలు, ప్రభుత్వ బడుల పీఈటీలు కలిసి మాట్లాడుకుని చౌకగా తీసుకుంటే ఒక లీగ్ నడపొచ్చు. పక్క బస్తీ పిల్లలకు ఫీజు లేకుండా, ఆడపిల్లలకు వాళ్ళ రోజులు వాళ్ళకు ఉండేలా.

ఇది ఊహాలోకపు మాట, ట్రాఫిక్‌లో పిల్లల్ని తిప్పడానికే ఎవరికీ తీరిక లేదు అంటారు. కానీ మూడున్నర లక్షల పైచిలుకు జనం ఉన్న ఐస్‌లాండ్ ఊరూరా చిన్న గ్రౌండ్లు వేసి, చిన్నపిల్లలకు కూడా శిక్షణ పొందిన కోచ్‌లను పెట్టి, 2016 యూరో కప్‌కు, 2018 ప్రపంచ కప్‌కు వెళ్ళింది. కూకట్‌పల్లి, మియాపూర్, నిజాంపేట కలిపితే అంతకంటే ఎక్కువ జనం. అంత దూరం పోవడం ఎందుకు, అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడిపే స్పోర్ట్స్ విలేజ్ కరువు సీమ పల్లెల పిల్లలకు, ఆడపిల్లలకు కూడా, లీగ్ ఆటలు చూపించింది. స్పెయిన్ లా లిగా వాళ్ళు వచ్చి చేయి కలిపారు. అనంతపురం పల్లెలకు సాధ్యమైన పని సైబరాబాద్‌కు సాధ్యం కాదంటే, ఆ పని మనకు అక్కర్లేదనుకున్నట్టే లెక్క. పెద్ద జట్లను తెచ్చి నిలబెడితే ఆట దానంతటదే పెరుగుతుందన్న ఆశ కూడా మనం చూసేశాం. 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది; గచ్చిబౌలి స్టేడియం దాని సొంత గడ్డగా ఉండేది. ఆ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. నగరం పక్కనే అజీజ్‌నగర్‌లోని శ్రీనిధి డెక్కన్ క్లబ్బు ఐ-లీగ్‌లో 2022–23లోనూ, మరుసటి సీజన్‌లోనూ రెండో స్థానంలో నిలిచింది. పైన ఇంత జరిగినా కింద నిజాంపేట పిల్లవాడు ఆదివారం ఆడే మ్యాచ్ ఒక్కటీ పెరగలేదు.

ఒక సెలక్షన్‌కు వందమంది వస్తే ఇరవైమందిని తీసుకుంటారు. మిగిలిన ఎనభైమంది మర్నాడు ఎక్కడ ఆడతారన్న ప్రశ్నకు పాత హైదరాబాద్ దగ్గర జవాబు ఉండేది. సిటీ పోలీస్ తీసుకోనివాడు మొహల్లా క్లబ్బుకు ఆడేవాడు, ఏదో ఒక ఆఫీసు జట్టుకు ఆడేవాడు, సాయంత్రం పిల్లలకు ఎదురు నిలబడి ఆడుతూ ఆ తర్వాతి తరానికి బంతి అందించేవాడు. బలరామ్ చిన్నప్పుడు అమ్ముగూడలో తలపడింది అలాంటి పేరులేని పెద్దలతోనే. నిజాంపేటలో ఎంపిక కాని పదమూడేళ్ళ పిల్ల మర్నాడు ఆడడానికి చోటు లేదు. రెండు సెలక్షన్లు పోయాక ఇంట్లో స్టడ్స్ అటకెక్కుతాయి, ట్యూషన్ టైమ్ గంట పెరుగుతుంది. తల్లిదండ్రుల తప్పు ఇందులో కొంతే. ఆ పిల్లకు ఇవ్వడానికి వాళ్ళ చేతిలో వేరే ఆట లేదు. కాబట్టి ట్రయల్స్ తేదీ అడిగే ముందు అకాడమీ కోచ్‌ను, బడి పీఈటీ సార్‌ను అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఎంపిక కానివాళ్ళకు ఈ ఏడాది ఎన్ని మ్యాచ్‌లు పెడుతున్నారు, ఏ జట్లతో పెడుతున్నారు, ఈ పిల్లను వచ్చే ఏడాది మళ్ళీ చూసేది ఎవరు.